ఆట నియమం ఎవరి సొత్తూ కాదు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్‌ప్లేయింగ్ ఆటలను ఇంటర్నెట్‌లో ఆడుకునే వేదికను వర్చువల్ టేబుల్‌టాప్ అంటారు. రోల్20, ఫ్యాంటసీ గ్రౌండ్స్, ఫౌండ్రీ ఈ కోవలోవే. పటం, బొమ్మలు, పాచికలు, పాత్ర వివరాల కాగితం అన్నీ తెర మీదే ఉంటాయి. మాంచెస్టర్‌లో ఇద్దరు, కార్డిఫ్‌లో ఒకరు, అబర్డీన్‌లో ఒకరు ఒకే బల్ల చుట్టూ చేరినట్టు ఆడుకోగలుగుతున్నది దీనివల్లే. పుస్తకంలోని నియమాన్ని ప్రోగ్రాంగా రాసి, లెక్కలు కంప్యూటర్‌కు అప్పజెప్పడమే ఆటోమేషన్. అది ఎంతవరకు సాగవచ్చో, ఎక్కడ ఆగాలో తామే చెబుతామని ప్రచురణ సంస్థలు లైసెన్సుల్లో రాసుకుంటున్నాయి. నియమం మీద అంతటి పెత్తనం వాటికి బ్రిటన్‌లో ఏ చట్టమూ ఇవ్వలేదు.

ఇంతకీ కంప్యూటర్‌కు అప్పజెప్పే పని ఏమిటి? మాంత్రికుడు ఫైర్‌బాల్ విసిరాడు. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో తొమ్మిదిమంది గాబ్లిన్లు చిక్కారు. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి కూడాలి. తర్వాత ఒక్కో గాబ్లిన్‌కు ఇరవై ముఖాల పాచిక వేసి, దాని చురుకుదనానికి ఉన్న అంకె కలిపి, మాంత్రికుడి అంకెతో పోల్చాలి. సమానమైనా దాటినా సగం దెబ్బ, లేకుంటే పూర్తి దెబ్బ. సగం చేసినప్పుడు అర మిగిలితే వదిలేయాలి. ఆ వచ్చినదాన్ని తొమ్మిదిమంది ప్రాణబలంలోంచీ విడివిడిగా తీసివేయాలి. ఆదివారం రాత్రి పదకొండింటికి, తెల్లారితే ఉద్యోగానికి పోవాల్సిన, ఆటను నడిపించే గేమ్ మాస్టర్ ఇదంతా కాగితం మీద వేసుకుంటుంటే మిగతా నలుగురూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ప్రోగ్రాం ఉంటే ఒక్క నొక్కుతో అయిపోతుంది. అవే పాచికలు, అదే కూడిక, అదే ఫలితం. ఆదా అయిన సమయం కథకు దక్కుతుంది.

ఈ కూడికకే సంకెళ్లు వేయబోయిన ఘట్టం 2023 జనవరిలో జరిగింది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ హక్కుదారు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, హాస్‌బ్రో అనుబంధ సంస్థ. 2000 సంవత్సరంలో అది ఓపెన్ గేమ్ లైసెన్స్ తెచ్చింది. ఆట మూల నియమాలను ఎవరైనా వాడుకుని కొత్త పుస్తకాలు, ఉపకరణాలు చేసుకోవచ్చని దాని సారాంశం. ఆ మాట నమ్మి రెండు దశాబ్దాలకు పైగా ఎందరో తమ జీవనాన్ని దాని మీదే కట్టుకున్నారు. 2023 జనవరి మొదటి వారంలో బయటికి పొక్కిన కొత్త ముసాయిదా పాత లైసెన్సు ఇక చెల్లదంది. కొత్త అనుమతి అచ్చు పుస్తకాలకు, పీడీఎఫ్‌లాంటి కదలని ఫైళ్లకు మాత్రమేనంది. కదిలేది, లెక్కించేది ఏదైనా బయటే.

గొడవ రేగాక జనవరి 19న మరో ముసాయిదా వచ్చింది. దానితోపాటు వర్చువల్ టేబుల్‌టాప్‌ల కోసం విడిగా ఒక విధానపత్రం పెట్టారు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆడుకునే అనుభవాన్ని తెర మీదికి తెస్తే సరేనని, అంతకు మించితే కుదరదని అందులో గీత గీశారు. గీతకు అవతల ఏముందో చెప్పడానికి ఎంచుకున్న ఉదాహరణ మేజిక్ మిసైల్. ఆ మంత్రం వేసినప్పుడు బాణం తెర మీద దూసుకెళ్లి శత్రువుకు తగిలే బొమ్మను చూపిస్తే అది ఊహాశక్తి స్థానాన్ని ఆక్రమిస్తుందట, అప్పుడది బల్ల మీది ఆట కాకుండా పోతుందట.

ఈ వాదాన్ని తేలిగ్గా వదిలేయకూడదు. రేపు ఏ సంస్థ ఏ లైసెన్సులో ఆటోమేషన్‌కు అడ్డుకట్ట వేసినా ఇదే కారణం చెబుతుంది. మేజిక్ మిసైల్‌లో మూడు బాణాలు, ఒక్కోదానికి నాలుగు ముఖాల పాచిక ఒకటి, దానికి ఒకటి కలపాలి, గురి తప్పడమన్నది ఉండదు. మంత్రం మొత్తం ఇంతే. దీనికి నీలం గీత జోడిస్తే ఎవరి ఊహ ఎండిపోయింది? బల్ల దగ్గర ఆడేవాళ్లు సీసపు బొమ్మలు పెట్టుకోలేదా? రంగులద్దిన కోటలు కట్టుకోలేదా? పాటలు పెట్టుకుని, దీపాలు తగ్గించుకుని ఆడలేదా? ఆ బొమ్మలు, కోటలు అమ్మి వ్యాపారం పెంచుకున్నప్పుడు గుర్తురాని ఊహాశక్తి, అభిమాని నాలుగు వరుసల కోడ్ రాయగానే గుర్తొచ్చింది.

కారణం ఊహాశక్తి కాదు, అంగడి. 2022 ఏప్రిల్‌లో హాస్‌బ్రో డీ అండ్ డీ బియాండ్ అనే డిజిటల్ వేదికను 14.63 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో విజార్డ్స్ తన సొంత త్రీడీ బల్లను చూపించింది. వెలుగునీడలు, కదిలే బొమ్మలు, మంత్రాల మెరుపులు అన్నీ అందులో ఉంటాయని ప్రచారం చేసుకుంది. అయిదు నెలలు తిరిగేసరికి, బయటివాళ్లు మెరుపు చూపిస్తే ఆట ఆత్మ చెడిపోతుందని విధానపత్రం రాసింది. తన దుకాణంలో అమ్మబోయే సరుకునే పక్క దుకాణంలో నిషిద్ధం చేయడమిది. ఆటగాళ్ల ఊహ మీద ప్రేమ పేరు చెప్పి పోటీని తుంచేయబోయిన దగా. ఆ త్రీడీ బల్ల సిజిల్ పేరుతో వచ్చింది గానీ నిలదొక్కుకోలేదు. 2025 మార్చిలో దాన్ని తయారుచేస్తున్న బృందంలో అత్యధికుల ఉద్యోగాలు పోయాయి. విధానపత్రం అమలై ఉంటే అప్పటికి బయటివాళ్ల వేదికలూ చతికిలబడి, ఆటగాడికి ఏ దారీ మిగిలేది కాదు.

అమలు కాకుండా ఆపింది ఆటగాళ్లే. డీ అండ్ డీ బియాండ్ చందాలు పెద్దఎత్తున రద్దయ్యాయి. సంస్థ స్వయంగా పెట్టిన సర్వేకు 15,000 మందికి పైగా జవాబిచ్చారు. వారిలో 86 శాతం వర్చువల్ టేబుల్‌టాప్ విధానం తమకు సమ్మతం కాదన్నారు. పాత లైసెన్సు రద్దును 89 శాతం కాదన్నారు. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గింది. పాత లైసెన్సును అలాగే ఉంచి, అయిదో కూర్పు మూల నియమాల పత్రాన్ని ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందికి తెచ్చింది. మేజిక్ మిసైల్ కూడా ఆ పత్రంలోనే ఉంది. ఏ బాణాన్ని చూపడం ఆటకు అపచారమన్నారో ఆ బాణాన్నే ఈరోజు ఎవరైనా ఎలాగైనా చూపించుకోవచ్చు. అందువల్ల ఏ ఆటగాడి ఊహా కుంటుపడలేదు.

గెలిచామని ఊరుకోవడానికి లేదు. అది ఒక్క సంస్థ, ఒక్క పత్రం విషయంలో దొరికిన గెలుపు. ఆ పత్రంలో లేని మంత్రాలు, రాక్షసులు, మిగతా సంస్థల ఆటలు అన్నీ ఇంకా లైసెన్సు దయాదాక్షిణ్యాల మీదే ఉన్నాయి. బ్రిటన్‌లోనే చూస్తే నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ మార్గదర్శకాల ప్రకారం ఆ సంస్థ వార్‌హామర్ ఆటల ప్రపంచం ఆధారంగా ఆటలు గానీ యాప్‌లు గానీ లైసెన్సు లేనిదే ఎవరూ చేయకూడదు. 2021 వేసవిలో అభిమానుల యానిమేషన్లకూ ఆ సంస్థ ఇదే నిషేధం చెప్పింది. కొద్ది వారాలకే వార్‌హామర్ ప్లస్ అనే చందా సేవ మొదలుపెట్టి, తన యానిమేషన్లు అందులో అమ్మింది. ముందు నిషేధం, వెనకే చందా. వరుస మారలేదు.

ఈ ఆటలు ఇంత పెరిగింది ఎవరి చెమటతో? 1975లో ఇయాన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్ లండన్‌లోని ఒక అద్దె ఫ్లాట్ నుంచి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రతులు ఆరంటే ఆరే తెప్పించుకున్నారు. ఆ ఆరుతోనే యూరప్ అంతటా అమ్ముకునే హక్కు దొరికింది. గేమ్స్ వర్క్‌షాప్ కథ అక్కడ మొదలైంది. 1977లో వచ్చిన వైట్ డ్వార్ఫ్ పత్రికకు బ్రిటిష్ పాఠకులు తమ సొంత రాక్షసులను రాసి పంపేవారు. వాటిని డాన్ టర్న్‌బుల్ పోగుచేసి కూర్చగా, 1981లో అమెరికన్ ప్రచురణకర్త టీఎస్ఆర్ ఫీండ్ ఫోలియో పేరుతో వేసింది. అందులోని గిత్‌యాంకీ జాతిని సృష్టించింది చార్లెస్ స్ట్రాస్. తర్వాత పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు గానీ అప్పటికి లీడ్స్ కుర్రాడు. ఆ పేరు కూడా జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలోది. లీడ్స్ కుర్రాడి ఊహ, ఒక అమెరికన్ రచయిత మాట కలిసి పుట్టిన గిత్‌యాంకీ ఈరోజు ఓపెన్ గేమ్ లైసెన్సు కింద ఎవరూ ముట్టుకోకూడని సంస్థ సొత్తుల జాబితాలో ఉంది! అభిమానుల నుంచి తీసుకునేటప్పుడు అది ఉమ్మడి సంబరం, అభిమాని వాడుకోబోతే అది ఆస్తి.

ఇంకా వెనక్కి పోతే లెక్క మరింత తేటగా తేలుతుంది. మన పచ్చీసు బ్రిటన్ చేరి, 1896లో ఆల్ఫ్రెడ్ కాలియర్ తీసుకున్న పేటెంటుతో లూడో అయింది. వైకుంఠపాళి కుటుంబపు ఆట అక్కడ స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అయింది. గవ్వల స్థానంలో పాచిక వచ్చింది, పాపపుణ్యాల పేర్లు మారాయి, ఎక్కడం దిగడం మాత్రం అలాగే నిలిచాయి. దానికి ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టలేదు, ఎవరూ అడగలేదు. నియమాలు ఊళ్లు దాటి, సముద్రాలు దాటి బతికేది ఇలాగే. ఆ స్వేచ్ఛ మీద బలిసిన పరిశ్రమ ఇప్పుడు ఎవరబ్బ సొమ్మని కూడికకు తాళం వేస్తుంది?

చట్టం ఇక్కడ ఆటగాడి పక్షమే. బ్రిటన్ పేటెంట్ల చట్టం 1977, మొదటి సెక్షన్‌లోనే, ఆట ఆడే నియమాన్ని ఆవిష్కరణగా లెక్కించరాదంది. కాపీరైట్ రక్షించేది రాసిన తీరునే, వెనకున్న ఆలోచనను కాదు. నోవా ప్రొడక్షన్స్, మజూమా గేమ్స్ మధ్య పూల్ ఆట మీద నడిచిన కేసులో 2007లో అప్పీలు కోర్టు ఇదే తేల్చింది. హాంప్‌షైర్ సంస్థ వరల్డ్ ప్రోగ్రామింగ్ మీద శాస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన కేసులో 2012 మే 2న యూరోపియన్ న్యాయస్థానం, ప్రోగ్రాం చేసే పనికి కాపీరైట్ లేదంది. అదే వివాదంలో అవతలివారి మాన్యువల్ వాక్యాలను ఎత్తి రాసినందుకు వరల్డ్ ప్రోగ్రామింగ్‌ను లండన్ హైకోర్టు తప్పుపట్టింది. గీత అక్కడుంది. వాక్యం ఎత్తుకోవడం తప్పు, పని మళ్లీ చేయడం తప్పు కాదు. ఫైర్‌బాల్ వర్ణన పుస్తకం వేసినవాళ్లది, ఎనిమిది పాచికల మొత్తం ఎవరిదీ కాదు.

అయితే కోర్టులో దక్కనిదాన్ని సంస్థలు ఒప్పందంలో లాక్కుంటాయి. పేరు, బొమ్మ, పుస్తకపు వాక్యం కావాలంటే లైసెన్సు తీసుకో, తీసుకున్నాక లెక్క మాత్రం కంప్యూటర్‌తో చేయకు! ఇల్లు అద్దెకిచ్చి గాలి పీల్చవద్దనడమిది. ఫౌండ్రీకి మాడ్యూల్ అనే అదనపు ప్రోగ్రాం రాసే ఒంటరి ప్రోగ్రామర్ లాయర్‌ను పెట్టుకోలేడు. ఒక్క నోటీసు వస్తే చాలు, రెండేళ్ల పని తీసేసుకుని తప్పుకుంటాడు. కేసు కోర్టుకు చేరదు, చట్టం తన పక్షమన్న సంగతి అతనికి అక్కరకు రాదు.

అందుకే పార్లమెంటు కలగజేసుకోవాలి. ఇది కొత్త వింత కాదు. కాపీరైట్, డిజైన్స్, పేటెంట్స్ చట్టం 1988లోని 50బీఏ, 296ఏ సెక్షన్ల ప్రకారం ప్రోగ్రాం పనితీరును గమనించి, పరీక్షించి తెలుసుకోనివ్వని ఒప్పంద షరతు చెల్లదు. 2014లో పేరడీకి, వాణిజ్యేతర పరిశోధన కోసం చేసే డేటా విశ్లేషణకు కూడా ఇదే రక్షణ ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల షరతులను కొట్టేయగల చట్టం, పాచికల పుస్తకం షరతు ముందు చేతులు కట్టుకుని నిలబడడానికి కారణమేదీ కనిపించదు.

ఆటోమేషన్ వల్ల పుస్తకాలు అమ్ముడుపోవంటారు. అనుభవం వేరు. పాత్‌ఫైండర్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట ప్రచురణకర్త పైజో తన నియమాలను ఉచితంగా చదవనిస్తుంది. ఫౌండ్రీలో వాటికి వాలంటీర్లు రాసిన ఆటోమేషన్ సంపూర్ణమైనదని పేరుపొందింది. 2023 జనవరి గొడవప్పుడు ఎనిమిది నెలలకు సరిపోయే మూలగ్రంథం ప్రతులు రెండు వారాల్లో అమ్ముడయ్యాయని ఆ సంస్థే చెప్పింది. వార్‌హామర్ ఫ్యాంటసీ రోల్‌ప్లే నాలుగో కూర్పుకు ఫౌండ్రీలో ఒక అభిమాని మొదలుపెట్టిన పనే ఇప్పుడు ఆ ఆట ప్రచురణకర్త క్యూబికిల్ 7 అమ్మే అధికారిక మాడ్యూళ్లకు పునాది. దొంగ ప్రతుల భయమంటారా, దానికి ఇప్పటికే చట్టముంది.

మరో మాట ఎవరూ ఎత్తడం లేదు. చూపు లేని ఆటగాడికి, అంకెలు తలలో నిలవని డిస్కాల్క్యులియా ఉన్న ఆటగాడికి, వేళ్లు పట్టుతప్పి పాచిక వేయలేని ఆటగాడికి ఆటోమేషన్ సౌకర్యం కాదు, ప్రవేశద్వారం. కలిపిన అంకెను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తేనే అతను వంతు తీసుకోగలడు. భోజనాల బల్లను కొలబద్దగా పెట్టినవాళ్లకు, ఆ బల్ల దగ్గర ఇతనికి ఏనాడూ కుర్చీ దొరకలేదని తట్టలేదు.

కావలసిన సవరణ చిన్నది. ఆట నియమాన్ని లెక్కించడం, ఫలితాన్ని చూపడం, దానికి ప్రోగ్రాం రాయడం వీటిని నిషేధించే ఒప్పంద షరతు చెల్లదని 1988 చట్టంలో ఒక సెక్షన్ చేర్చాలి. వర్ణన వాక్యాలు, చిత్రాలు, పాత్రల పేర్లు ఎప్పటిలాగే సంస్థలవే. ఇప్పటికే సంతకమైన లైసెన్సులకూ అది వర్తించాలి, లేకుంటే పాత షరతులు ఇంకో ఇరవై ఏళ్లు కాటేస్తూనే ఉంటాయి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో పిటిషన్‌కు 10,000 సంతకాలు పడితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష పడితే చర్చకు పరిశీలిస్తారు. అమ్మేసిన వీడియో గేమ్‌లను కంపెనీలు శాశ్వతంగా పనిచేయకుండా చేయడాన్ని నిషేధించాలన్న పిటిషన్ ఆ లక్షను 2025లో దాటింది. రోల్‌ప్లేయింగ్ ఆటగాళ్లు తమ నియోజకవర్గ ఎంపీకి రాయాలి. బర్మింగ్‌హామ్‌లో ఏటా జరిగే యూకే గేమ్స్ ఎక్స్‌పోలో పుస్తకం కొనేముందు ప్రతి స్టాల్ దగ్గరా ఆగి, ఈ ఆట నియమాలకు ప్రోగ్రాం రాసుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుందా అని అడగాలి. ఒప్పుకోదని చెప్పిన స్టాల్‌లో పుస్తకం కొనకూడదు.