ఐదు రూపాయల భోజనం మిరప చేను దాకా రాదా?

మొన్న మాపటేళ ఏడు దాటాక మా ఊరి సెంటర్లో టీ కొట్టు కాడ ఉన్నా. మిరప కోతలకి పోయిన ఆటో వచ్చి ఆగింది. పదిమంది పట్టని బండిలోంచి పదహారు మంది ఆడోళ్లు దిగారు. అందులో నాకు వదిన వరసయ్యే ఆమె నేరుగా చిల్లర కొట్టుకి పోయి రెండు చిప్స్ ప్యాకెట్లు, రెండు నూడుల్స్ ప్యాకెట్లు తీసుకుంది. నాకు నోరు ఊరుకోదు గదా. "ఇయ్యేం తిండి వదినా, ఇంత పప్పు పడేసుకుంటే పోలా?" అన్నా. ఆమె నా వంక కూడా చూడకుండా, "బియ్యం ఉండయ్, పప్పూ ఉంది. పొయ్యి కాడ నిలబడే ఓపికే లేదు. నువ్వొచ్చి వండుతావా మరి?" అంది.

టీ తాగే మగోళ్లమంతా నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం నాకు నవ్వు రాలా. ఇరవై ఏళ్లుగా కూలి రేట్ల గురించీ, గిట్టుబాటు ధర గురించీ మాట్లాడతన్నా, రాస్తన్నా. చేను నుంచి వచ్చిన మనిషి ఆ రాత్రి ఏం తింటది, అది ఎవరు వండుతారు అనేది మాత్రం ఒక్కసారి కూడా రాయలా. అందుకే ఇయ్యాళ ఇది రాస్తన్నా.

పేదోళ్ల తిండికి రెండు లెక్కలుంటయ్. ఒకటి రూపాయి లెక్క, రెండోది ఓపిక లెక్క. రూపాయి లెక్కని సర్కారు ఎంతో కొంత చూస్తంది. ఓపిక లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు.

ముందు రూపాయి సంగతి చూద్దాం. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం తెచ్చినాక మన పల్లెల్లో గంజి తాగి పడుకునే రాత్రులు తగ్గినయ్. ఆ మాట మా పెద్దోళ్లు ఇప్పటికీ చెబుతారు. తర్వాత 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. కార్డులో ఉన్న ఒక్కో మనిషికి నెలకి 5 కిలోలు. 2023 నుంచి ఆ చట్టం కింద వచ్చే బియ్యానికి డబ్బు కట్టే పని కూడా లేదు. మంచిదే. కానీ 5 కిలోల్ని 30 రోజులకి పంచండి. రోజుకి 166 గ్రాములు. ఒంగి పనిచేసే మనిషి ఒక్క పూటకే అంత తింటది. మిగతాది కొనాల. ఇంకో సంగతి, ఈ లెక్కంతా బియ్యం లెక్కే. పప్పు, నూనె, కూర మన జేబులోంచే రావాల. రేషన్లో కందిపప్పు ఒక నెల కనపడితే ఇంకో నెల కనపడదు.

అందుకని మన మెట్టలో అందరికీ తెలిసిన చౌక తిండి ఏంది? అన్నం, కారం. పండుమిరప పచ్చడో, గోంగూర పచ్చడో, చింతకాయ తొక్కో ఇంత వేసుకుని తినేసి పోవడం. రుచికి దాన్ని మించింది లేదు, నేనూ ఒప్పుకుంటా. పచ్చడి పెట్టిన నాడు అన్నం ఎక్కువ లోపలికి పోద్ది, కడుపు నిండినట్టే ఉంటది. ఒంటికి పట్టేది మాత్రం తక్కువ. 2019-20లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో వందకి దాదాపు 59 మందికి రక్తం తక్కువని తేలింది. దేశానికి కారం పెట్టే నేల మీద కాయ కోసే చేతుల్లో నెత్తురు లేదన్నమాట.

ఇప్పుడు ఐదు రూపాయల భోజనం సంగతి. అన్న క్యాంటీన్లు 2018 జులైలో మొదలైనయ్. 2019లో సర్కారు మారాక మూతబడినయ్. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరిచారు. ఇయ్యాళ రాష్ట్రంలో రెండు వందల పైచిలుకు ఉన్నయ్. టిఫిన్ ఐదు, మధ్యాన్నం భోజనం ఐదు, రాత్రి ఐదు. మూడు పూటలకి మనిషి 15 రూపాయలు ఇస్తే, మిగతా 75 సర్కారు భరిస్తంది. గుంటూరులో, నరసరావుపేటలో, చిలకలూరిపేటలో, ఒంగోలులో ముఠా కూలీలు, ఆస్పత్రికి వచ్చినోళ్లు, పరీక్షలకి చదువుకునే పిల్లోళ్లు ఆ వరసలో నిలబడి తింటం నేను చూశా. ఆ తిండిని తప్పు పట్టే మనిషిని కాదు నేను. ఇంకెవరైనా మళ్లీ మూసేస్తామంటే రోడ్డెక్కే వాళ్లలో ముందుంటా.

నా బాధల్లా చోటు గురించి, టైము గురించి. క్యాంటీన్లు ఎక్కువ మున్సిపాలిటీల్లోనే ఉన్నయ్. పొద్దున ఏడున్నరకి తెరుస్తారు. కోతకి పోయే ఆమె నాలుగింటికి లేచి, క్యారేజీ కట్టుకుని, ఆరు కాకముందే ఆటో ఎక్కుద్ది. రాత్రి ఏడున్నరకి టౌన్లో ఐదు రూపాయల ప్లేటు వడ్డించే వేళకి ఈమె ఊరి సెంటర్లో దిగి అదే ఐదు రూపాయలకి చిప్స్ ప్యాకెట్ కొంటంది. అదే నోటు టౌన్లో భోజనం, మన ఊళ్లో గాలి నింపిన ప్యాకెట్. పల్లె నియోజకవర్గాలకీ క్యాంటీన్లు తెస్తామని సర్కారు చెప్పింది. సంతోషం. కానీ మండల కేంద్రంలో ఒకటి పెడితే, పన్నెండు కిలోమీటర్ల అవతల చేలో ఉన్న మనిషికి అది ఉన్నా లేనట్టే.

ఓపిక లెక్క ఇక్కడే మొదలైద్ది. సంక్రాంతి దాటిన కాడి నుంచి ఏప్రిల్ దాకా కోతలే. రోజంతా నడుం వంచి కోసి వచ్చిన మనిషికి ఇంటి కాడ రెండో డ్యూటీ ఉంటది: నీళ్లు, అంట్లు, పొయ్యి. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. నాలుగోది మన డబ్బే అని బండని దాచి, చాలామంది పత్తి కట్టె పొయ్యి మీదే వండతన్నారు. పొగలో గంట. అందులోనూ కాయ కోసిన చేతులు రాత్రంతా మండుతయ్. ఆ చేత్తో ఉల్లిపాయ తరగటం సరే, చంటి పిల్లోడికి ముద్ద కూడా కలిపి పెట్టలేరు. ఇది తెలియని వాళ్లే "వండుకోవచ్చు గదా" అంటారు, మొన్న నేనన్నట్టు.

కర్నూలు పక్క నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా మన చేలకి వలస వచ్చేవాళ్ల సంగతి ఇంకా కష్టం. చేను గట్టున పట్టా కట్టుకుని, మూడు రాళ్ల మీద గిన్నె పెడతారు. పిల్లోళ్లు ఊళ్లో బడి మానేసి వీళ్లతో వస్తే, అక్కడ బడిలో పెట్టే అన్నం, గుడ్డు కూడా పోయినట్టే. వాళ్లకి ఒక మాట చెప్పండి, మీ చేలకి వస్తే: సొంతూరి రేషన్ కార్డుతోనే మన ఊరి రేషన్ షాపులోనూ బియ్యం తీసుకోవచ్చు. షాపులు నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 తెరిచి ఉంటయ్. ఈ సంగతి తెలియక బస్తాలు మోసుకొస్తన్నారు, లేకపోతే కొనుక్కుంటన్నారు.

చౌక తిండి ఎందుకు కరువైందో చేను కూడా చెబుద్ది. మా చిన్నప్పుడు పత్తిలో కంది సాళ్లు ఉండేయి. గట్టు మీద అలసంద, బీర తీగ. కలుపు తీసే ఆడోళ్లు వచ్చేటప్పుడు ఒడిలో తోటకూరో, గంగవాయలాకో, పొన్నగంటో తెచ్చేవోళ్లు. రూపాయి ఖర్చు లేని కూర అది. ఇప్పుడు గట్టు దాకా మిరపే, పత్తే. కలుపు మందు కొట్టిన చేలో ఆకు మొలిచినా కోసి తినే ధైర్యం ఎవరికుంటది? డబ్బు పంట వేసుకున్నాం, కూర మాత్రం కొట్టుకి పోయి తెచ్చుకుంటన్నాం.

ఆ డబ్బు పంట కూడా ఎంత నమ్మకం? ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మన గుంటూరు యార్డులో 2025లో రేటు పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏళ్లలో ఇరవై వేలు చూసిన కాయ అది. రేటు పడిన ఏడాది కౌలు రైతు ఇంట్లో అప్పుల వాడు ఆగడు, మందుల కొట్టోడు ఆగడు. ఆగేది పప్పు, గుడ్డు, పాలు. అందునా ముందు తగ్గేది ఆ ఇంట్లో ఆఖర్న తినే ఆమె కంచంలోనే. రైతు ఇల్లు, కూలి ఇల్లు అని గొడవ పెట్టే వాళ్లకి నేను చెప్పేది ఇదే. ఆ రాత్రి రెండు ఇళ్లలోనూ కారం అన్నమే.

మరి దారి లేదా అంటే, పక్క రాష్ట్రాల వాళ్లు కొంత చూపించారు. తమిళనాడులో 2013లో అమ్మ క్యాంటీన్లు పెట్టినప్పుడు ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు, పెరుగన్నం మూడు. వండింది కాంట్రాక్టర్లు కాదు, పొదుపు సంఘాల ఆడోళ్లు. కేరళలో 2020లో కుటుంబశ్రీ సంఘాలు 20 రూపాయల భోజనంతో జనకీయ హోటళ్లు పెట్టినయ్, పంచాయతీల్లో కూడా. తర్వాత సర్కారు ఇచ్చే సబ్సిడీ ఆగితే రేటు 30కి పోయింది. రెండు పాఠాలున్నయ్ ఇందులో. ఊరి ఆడోళ్లే ఊరికి వండగలరు. సర్కారు డబ్బు ఆపితే వాళ్ల వల్ల కాదు.

మనకి కొత్తగా కట్టాల్సింది కూడా పెద్దగా లేదు. ప్రతి ఊళ్లో సర్కారు బడి ఉంది, చాలా బళ్లలో వంట గది ఉంది, గిన్నెలున్నయ్, వంద మందికి వండే చెయ్యి తిరిగిన అక్కలున్నారు. మధ్యాన్నం రెండింటికి ఆ పొయ్యి ఆరిపోద్ది. కోతల నాలుగు నెలలూ దాన్ని సాయంత్రం మళ్లీ వెలిగించండి. డ్వాక్రా సంఘానికి అప్పజెప్పండి. పొద్దున ఐదింటికి టిఫిన్, రాత్రి ఏడింటికి పప్పు, అన్నం. చేలో ఉండే వలస కుటుంబాలకీ అదే పొయ్యి. టౌన్లో మనిషికి ఇచ్చే సబ్సిడీయే ఇక్కడా ఇయ్యండి, ఎక్కువ అడగటం లేదు. వండే అక్కలకి వేరే కూలి కట్టి, నెల నెలా చేతికి ఇయ్యండి. రేషన్లో ప్రతి నెలా కార్డుకి కిలో కందిపప్పు తప్పకుండా రావాల. ఈ మూడూ రాసి గ్రామసభలో పెట్టండి. కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకునే కాడికి పదిమంది కలిసి పోండి, రసీదు తీసుకోండి.

అవి వచ్చేదాకా మన ఇంటి పొయ్యి సంగతి. వంట చిట్కాలు చెప్పి చేతులు దులుపుకుంటన్నా అనుకోవద్దు. ఈ మాటలు అమ్మకి చదివి వినిపించడానికి కాదు, ఫోన్లో ఇది చదివే నీకే తమ్ముడూ, నీకే చెల్లెమ్మా.

ఒకటి, కుక్కర్ పప్పన్నం. రెండు గ్లాసుల బియ్యం, అర గ్లాసు కందిపప్పో పెసరపప్పో, చేతికందిన ఆకు గుప్పెడు, ఒక టమాటా, పసుపు, ఉప్పు. నీళ్లు కొంచెం ఎక్కువ పోసి మూడు నాలుగు కూతలు. దిగాక నిమ్మకాయ పిండు. ఆకులో ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు, గంట ఆగు. కందిపప్పు కిలో 120 అనుకున్నా, నలుగురికి వేసిన పప్పు పదిహేను రూపాయలు దాటదు.

రెండు, గుగ్గిళ్లు. పొద్దున పోయేటప్పుడు ఉలవలో అలసందలో నానేసి పో. మాపటికి ఉడకేసి, తాలింపు పెట్టు. ఉలవలు ఎద్దుల తిండని చిన్నచూపు చూడకు, కందిపప్పుకి తీసిపోని మాంసకృత్తులు ఉంటయ్. ఉడికిన నీళ్లు పారబొయ్యకు, చింతపండు వేస్తే చారు.

మూడు, గుడ్డు పొరటు. ఉల్లిపాయ, రెండు మిరపకాయలు, నలుగురికి నాలుగు గుడ్లు, ఐదు నిమిషాలు. పెరట్లో మునగ చెట్టుంటే గుప్పెడు ఆకు దూసి అందులోనే వెయ్యి.

నాలుగు, సద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు, ఇంత మజ్జిగ. పొద్దున ఉల్లిపాయ, దాంతో పాటు ఒట్టి కారం కాకుండా వేరుశెనగపప్పు వేయించి దంచిన పొడి. పొయ్యి వెలిగించే పనే లేదు.

ఇందులో ఒక్కటీ అరగంట దాటదు. చెయ్యి మండని మనిషి ఇంట్లో ఉంటే చాలు.

మొన్నటి నుంచి నేను కుక్కర్ పెడతన్నా. మొదటి రోజు అడుగంటింది, రెండో రోజు ఉప్పు ఎక్కువైంది, మా ఇంట్లో ఆమె నవ్వుకుంటా తిన్నది. నిన్న మాపటేళ వదిన మళ్లీ టీ కొట్టు కాడ కనపడి "ఏం మరిదీ, వండుతున్నావంటగా?" అని అడిగింది. "మా ఇంటి వరకే వదినా" అన్నా. "అయితే మీటింగ్‌లో మా పొయ్యి సంగతి కూడా మాట్లాడు" అని ఆమె నడిచిపోయింది. గ్రామసభ కాగితంలో మొదటి సంతకం ఆమెదే పెట్టిస్తా. మీ ఊరి ఆటో ఇయ్యాళ ఏడింటికి వస్తది. ఆరున్నరకి లేచి బియ్యం కడగండి.