సోలార్ కొనే ముందు కరెంటు బిల్లు పిల్లల చేతికివ్వండి



ఇంటి మీద సోలార్ పెట్టించాలనుకుంటున్నారా? పక్కింటివారు ఎన్ని కిలోవాట్లు పెట్టించారో చూసి నిర్ణయించకండి. ఏడాది కరెంటు బిల్లులు తీసి మీ పిల్లల ముందు పెట్టండి.

ఇది ఏడో తరగతి పిల్లలు చేయగలిగే లెక్కే. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 దాకా ఇస్తాయి. నెలకు సగటున 240 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు సరిపోతాయి. కిలోవాట్‌కు నీడ పడని చోటు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. 2024లో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 2 కిలోవాట్లకు 60,000, మూడింటికి 78,000 రూపాయలు. అంతకు మించి పెట్టించినా సబ్సిడీ పెరగదు.

మేం మాత్రం ఒక ప్రశ్న అడగడం మరిచాం. మా ఇంట్లో సోలార్ పెట్టించాక, వేసవిలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిన ఎండ మండుతున్నా ఫ్యాన్ తిరగలేదు! బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోగానే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని అలా తయారు చేస్తారు. అమ్మినవాళ్లు చెప్పలేదు, నాన్నా నేనూ అడగలేదు. కోతలు ఎక్కువుంటే బ్యాటరీతో వచ్చే హైబ్రిడ్ గురించి ముందే అడగండి. దానికి ఖర్చు ఎక్కువే.

"ఈ సగటు లెక్కలు ఎందుకు టీచర్?" అని క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. జవాబు మీ ఇంట్లోనే ఉంది. సంతకం మీరు పెట్టండి, లెక్క వాళ్లను చేయనివ్వండి.