మిర్చి పూత రాలినప్పుడు కూలీల లెక్క ఎవరు రాశారు?

2021 చివర్లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లోనూ, అటు ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ వైపూ మిర్చి తోటలు పూత మీదుండగానే దెబ్బతిన్నాయి. పువ్వు విప్పి చూస్తే లోపల నలుసంత నల్లటి పురుగులు గుంపులుగా కనిపించాయి. మన రైతులకు తామర పురుగు కొత్త కాదు. పాత రకం ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది. ఈసారి వచ్చింది వేరే జాతి. త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు, జనం నోట నల్ల తామర పురుగు అయింది. పుట్టిల్లు ఆగ్నేయాసియా. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దీన్ని గుర్తించినట్టు రికార్డయింది. ఆరేళ్ళకు మిర్చి మీద పడింది.

పూత రాలితే కాయ లేదు. మిర్చికి ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి పెట్టినవాళ్ళు తోటలు పీకేశారు, దున్నేశారు. ఆత్మహత్యల వార్తలు కూడా వచ్చాయి. కేంద్ర శాస్త్రవేత్తల బృందాలు వచ్చి చూసి వెళ్ళాయి. ఆ చర్చ అంతా పురుగు గురించి, పంట గురించి, రైతు గురించి సాగింది. ఇందులో రైతు అంటే ఎవరు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ వేయలేదు. మనం వేయాలి. ఎందుకంటే కొత్త పురుగు వచ్చిన ప్రతిసారీ దెబ్బ ఒక వరసలో తగులుతుంది, సాయం ఇంకో వరసలో అందుతుంది.

ముందుగా కౌలు. 2011 జనాభా లెక్కల్లో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగయ్యే భూమిలో వాళ్ళ చేతిలో ఉన్నది 9 శాతానికి మించదు. సొంత భూమి లేనివాళ్ళకు మిగిలేవి రెండే దారులు, కౌలు లేదా కూలి. మిర్చి లాంటి పంటకు కౌలు చాలా చోట్ల ముందే కట్టాలి. పురుగు పడినా, వాన పడినా భూమి యజమాని కౌలు వెనక్కివ్వడు. పరిహారం మాత్రం రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళ ఖాతాలోకి వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలలు చెల్లే కార్డు ఇస్తామంది. కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. బ్యాంకులో పంట రుణం తన పేరు మీద తీసుకున్న యజమాని, రేపు కౌలుదారు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని భయపడే యజమాని ఎందుకు పెడతాడు? దళిత కౌలుదారుకు ఆ సంతకం అడగడమే ఒక గండం. అడిగితే వచ్చే ఏడాది కౌలుకే ఇవ్వరు.

తెలంగాణలో పరిస్థితి ఇంకో రకం. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే. 2020 నుంచి రాష్ట్రం ప్రధానమంత్రి ఫసల్ బీమాను అమలు చేయడం ఆపేసింది. అంటే నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది ఆ బీమా గొడుగు కూడా లేదు. 2025 జనవరిలో ప్రకటించిన పథకాలు చూడండి. రైతు భరోసా కింద భూమి ఉన్నవారికి ఏడాదికి ఎకరాకు 12,000 రూపాయలు, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమి లేని కూలీ కుటుంబం మొత్తానికి ఏడాదికి 12,000 రూపాయలు. కూలీల పేరు మీద ఒక పథకం రావడం మంచిదే, కాదనం. కానీ ఒక ఎకరం విలువా ఒక కుటుంబం విలువా ఒకటేనని ఆ అంకెలే చెబుతున్నాయి.

ఇక కోత కూలీలు. వీళ్ళ సంగతి కౌలుదారుల కంటే చీకట్లో ఉంది. ఏటా చలికాలం చివర నుంచి కర్నూలు జిల్లా పడమటి మండలాల కుటుంబాలు, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్ళు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిర్చి కోతలకు వలస వస్తారు. ఖమ్మం, భద్రాద్రి వైపు ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు వస్తారు. ఊళ్ళో ఉండే మాల, మాదిగ ఆడవాళ్ళకు ఏడాదిలో వరసగా పని దొరికే రోజులు ఇవే. పూత రాలిన తోటలో కోత ఉండదు. ఎన్ని ఎకరాల పంట పోయిందో అధికారులు రాసుకున్నారు. ఎన్ని వేల పనిదినాలు పోయాయో రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

మందు కొట్టేవాళ్ళ గురించి ఇంకాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఈ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది, కోశస్థ దశ నేలలో గడుపుతుంది. పైన కొట్టిన మందు దాన్ని సరిగా తాకదు. తాకినదేమిటంటే దాన్ని తినే మిత్ర పురుగులను, పంపు మోసే మనిషిని. అయినా ఆ సీజన్‌లో దుకాణంవాడు చెప్పిన ప్రతి డబ్బా కొన్నారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. దుకాణంవాడే అప్పు ఇచ్చేవాడు, వాడే సలహా చెప్పేవాడు. అప్పు తీసుకున్నవాడు సలహా కాదంటాడా? శాస్త్రవేత్తలు చెప్పింది వేరు. ఇష్టమొచ్చినట్టు మందులు కొట్టడం ఆపండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, బవేరియా లాంటి జీవ శిలీంధ్రాలు వాడండి అన్నారు. ఆ మాట పొలం చేరేలోపు మందు కొట్టడం అయిపోయింది.

తైవాన్ పంపు భుజానికెత్తుకుని ట్యాంకుకు ఇంత అని మందు కొట్టేది చాలా ఊళ్ళలో మన వాడల మగవాళ్ళే. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లో తయారీ దగ్గర్నుంచి పొలంలో పిచికారీ దాకా మందు ముట్టుకునే ప్రతి మనిషికీ రక్షణ దుస్తులు ఉండాలని రాసి ఉంది. ఊళ్ళో ఉండేది మూతికి కట్టుకున్న తువ్వాలు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అప్పుడూ మొదట వినిపించిన మాట కూలీలు జాగ్రత్త తీసుకోలేదని. కొట్టించినవాడిది తప్పు కాదు, అమ్మినవాడిది తప్పు కాదు, పీల్చినవాడిది తప్పట!

పరాయి జాతులంటే పురుగులే కాదు, మొక్కలు కూడా. సర్కారు తుమ్మను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. పేరులోనే ఉంది, సర్కారే తెచ్చింది. అది ఇప్పుడు చెరువు గట్లు, గడ్డి నేలలు ఆక్రమించి స్థానిక చెట్లను ఎదగనివ్వడం లేదు. తీసేయాలన్నది నిజమే. కానీ అది పేదల పొయ్యిలో కట్టె, బొగ్గు బట్టీలో కూలి. జేసీబీలతో తుడిచేసే ముందు ఆ కట్టెకు బదులు ఏమిస్తారో చెప్పాలి. ఇంకో మెలిక ఉంది. ఎసైన్డ్ భూమి పట్టా ఇచ్చేటప్పుడు మూడేళ్ళలో సాగులోకి తేవాలని షరతు పెడతారు. నీళ్ళు లేక, ఎద్దులు లేక వదిలిన దళితుల భూమిలో తుమ్మ మొలిస్తే అదే సాగు చేయలేదనడానికి సాక్ష్యం అవుతుంది. వయ్యారిభామ సంగతీ అంతే. చర్మం దద్దుర్లు, ఉబ్బసం తెచ్చే ఆ కలుపును గట్ల మీద ఒట్టి చేతులతో పీకేది ఆడకూలీలు. గ్లౌజులు వేసుకోండని కరపత్రం రాసేవాళ్ళు గ్లౌజులు ఎవరు కొనాలో రాయరు.

వేరే దారి లేదా అంటే ఉంది, మన దేశంలోనే చేసి చూపించారు. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి బయటపడింది. అది బొప్పాయినే కాదు, మల్బరీ, కర్రపెండలం లాంటి పంటలనూ పట్టింది. 2010లో దాని సహజ శత్రువైన ఒక చిన్న కందిరీగను పోర్టోరికో నుంచి తెప్పించి, ప్రభుత్వ పరిశోధనా సంస్థలు, విశ్వవిద్యాలయాలు పెంచి పొలాల్లో వదిలాయి. నల్లి అదుపులోకి వచ్చింది. ఆ కందిరీగ ఎవరి పాసుపుస్తకమూ అడగలేదు, యజమాని సంతకమూ అడగలేదు. కౌలుదారు చేనులోనూ వాలింది. ఎవరూ డబ్బా కొనలేదు, ఎవరూ విషం పీల్చలేదు. ప్రతి పురుగుకూ ఇలాంటి శత్రువు వెంటనే దొరకదు, పరీక్షించకుండా వదిలితే అదే ఇంకో బెడద అవుతుంది. అందుకే దానికి ప్రభుత్వ డబ్బు, ప్రభుత్వ ల్యాబులు, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. వాటికి కోతపెట్టి, ప్రతి రైతునూ ఒంటరిగా మందుల దుకాణానికి పంపడం ఒక విధానం. ఆ విధానం బరువు మోసేది ఎవరో పైన చూశాం.

సరిహద్దు దగ్గర ఆపాల్సిన చట్టం ఇప్పటికీ 1914 నాటిదే. 2013లో వ్యవసాయ జీవభద్రత బిల్లు లోక్‌సభలో పెట్టారు, అది మురిగిపోయింది. 2018లో కర్ణాటక శివమొగ్గలో కత్తెర పురుగు కనిపించింది, అదే ఏడాది మన రెండు రాష్ట్రాల మొక్కజొన్నలోకి వచ్చేసింది. తరువాతిది రావడానికి మన అనుమతి అడగదు.

కాబట్టి విద్యార్థి, కూలీ సంఘాల మిత్రులకు ఒక పని. విపత్తు సహాయ నిధి కింద సాయం చేయదగ్గ విపత్తుల జాబితాలో తుపాను, కరువులతో పాటు పురుగుల దాడి కూడా ఉంది. 33 శాతానికి పైగా పంట పోతే రైతుకు ఇన్‌పుట్ సబ్సిడీ ఇవ్వాలని ఆ నిబంధనలు చెబుతాయి, అది అందరికీ తెలుసు. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు సాయం చేయాలని అదే నిబంధనల్లో ఇంకో అంశం ఉంది, అది మాత్రం ఎవరూ ఎత్తరు. కోతలు పోయిన కూలీ కుటుంబం ఆ మాట కిందికి రాదని ఏ అధికారైనా రాతపూర్వకంగా చెప్పమనండి. ఈసారి పంట నష్టం రాసుకోవడానికి గ్రామానికి వచ్చినప్పుడు, పొలం గట్టు మీద భూమి యజమాని పక్కన కౌలుదారు, మందు కొట్టినవాడు, కోత ముఠా మేస్త్రి కూడా నిలబడాలి. ఆ ఊరి ఉపాధి హామీ జాబ్‌కార్డుల జాబితా చేతిలో పెట్టుకుని నిలబడితే ఇంకా మంచిది.