ఆ పిల్ల ఏడవకపోవచ్చు

యాదగిరిగుట్టకు ఒక్కసారైనా వెళ్లని కుటుంబం తెలంగాణలో తక్కువ. స్వామి దర్శనం చేసుకుని, పులిహోర పొట్లం పట్టుకుని, సాయంత్రానికల్లా తిరుగు బస్సెక్కుతాం. ఆ ఊళ్లోనే కొన్ని ఇళ్లలో ఏం జరుగుతోందో 2018 జులై చివర్లో లోకానికి తెలిసింది. రాచకొండ పోలీసులు ఆ ఇళ్లమీద దాడిచేసి 11 మంది ఆడపిల్లలను బయటికి తెచ్చారు. వాళ్లలో ఇంకా బడి ఈడైనా సరిగా రాని పసివాళ్లున్నారు. రేపు వ్యభిచారంలోకి దింపి సంపాదించడానికి ఇవాళ తిండిపెట్టి పెంచుతున్న పిల్లలు వాళ్లు. వయసుకు మించి ఎదిగినట్టు కనబడాలని కొందరికి హార్మోన్ ఇంజెక్షన్లు వేయించారని పోలీసులు చెప్పారు. ఆ నేరంలో ఒక వైద్యుణ్ణి కూడా అరెస్టు చేశారు. తర్వాతి రోజుల్లో మరికొందరు పిల్లలు దొరికారు. హైకోర్టు కూడా ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది.

ఒక ఇంట్లో పిల్లను దారుణంగా కొడుతున్నారని ఇరుగుపొరుగు నుంచి వచ్చిన కబురుతో ఆ కేసు కదిలింది. కబురు చెప్పినవాళ్లకు ఆ ఇంటి గుట్టంతా తెలిసి ఉండాలనేమీ లేదు. పిల్లను కొట్టడం చూసి ఊరుకోలేకపోయారు. అది చాలింది. అదే వీధిలో నడిచినవాళ్లు, అదే కొట్లో పాలు కొన్నవాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్లంతా చెడ్డవాళ్లని అనలేం. ‘వాళ్ల పిల్ల, వాళ్లిష్టం’ అనుకుని ఉంటారు. మన ఊళ్లలో పిల్లలను కాపాడేదీ ఇరుగుపొరుగే, వాళ్లమీద తలుపు మూసేదీ ఆ మాటే.

సినిమాలు మనకొక దృశ్యం అలవాటు చేశాయి. చీకటి గది, బయట తాళం, లోపల కన్నీళ్లతో చేతులు జోడించే అమ్మాయి. పోలీసు జీపు రాగానే పరుగెత్తుకొచ్చి కాళ్లమీద పడుతుంది. నిజంగా దొరికే పిల్ల చాలాసార్లు ఇలా ఉండదు. వచ్చినవాళ్లను తిడుతుంది. వయసెంతమ్మా అంటే 20 అంటుంది. అలా చెప్పమని ముందే నేర్పించి ఉంటారు. ఊరి పేరు తప్పు చెబుతుంది. తనను అమ్మిన మనిషిమీద ఈగ వాలనివ్వదు. హోముకు తీసుకెళితే గోడ దూకాలని చూస్తుంది. ఫోను ఇవ్వకపోతే గొడవ చేస్తుంది. కొన్నిసార్లు నవ్వుతుంది కూడా. అప్పుడు మనలో జాలి ఆరిపోతుంది. ‘ఇది అలాంటిదే’ అనేస్తాం. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మన చేతిలోంచి జారి, మళ్లీ వాళ్ల చేతికి చిక్కుతుంది.

ఆ దురుసుతనంతోనే ఆమె ఇన్నాళ్లూ బతికిందని గుర్తుపెట్టుకోవాలి. పోలీసులకు చిక్కితే జైల్లో వేస్తారని బెదిరించి ఉంటారు. ఫొటోలు ఇంటికి పంపుతామని, తర్వాత నీ చెల్లెల్ని తెస్తామని అని ఉంటారు. తీసుకున్న అప్పు తీరలేదని రోజూ ఒక లెక్క చూపించి ఉంటారు. ఆ మనిషే జ్వరమొచ్చినప్పుడు మందు తెచ్చి ఉంటాడు, పుట్టినరోజుకు కేకు కోయించి ఉంటాడు. కొట్టిన చెయ్యే అన్నం పెడుతుంటే ఆ చిక్కుముడి విప్పుకోవడం పెద్దవాళ్లకే చేతకాదు. 14 ఏళ్ల పిల్లకు ఎలా చేతనవుతుంది? కన్నీళ్లు కనబడలేదని ఆమె కష్టాన్ని కొట్టిపారేస్తే, మోసగాడు వేసిన లెక్క నిజమైనట్టే.

పిల్లలు ఈ ఊబిలోకి వచ్చే దారులు మనకు తెలియనివేమీ కావు. అనంతపురం, కదిరి ప్రాంతాల నుంచి కరువు కాలాల్లో ఆడవాళ్లను, ఆడపిల్లలను ముంబయి, పుణె, ఢిల్లీ దాకా తరలించిన చరిత్ర ఉంది. బ్యూటీ పార్లర్లో పని, ఇంటిపని, డాన్స్ ప్రోగ్రాములు, సినిమా అవకాశం అని చెప్పే మాటలు పాతవే. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ప్రేమికుడు తోడయ్యాడు. బంగ్లాదేశ్ నుంచి తెచ్చిన అమ్మాయిలు హైదరాబాద్‌లో పలుమార్లు దొరికారు. చుట్టూ వినబడే భాషే రాని చోట సాయం అడగడం ఎలా? అమ్మేది ఎప్పుడూ ముక్కూమొహం తెలియనివాడే కాదు. మేనత్త వరస, పిన్ని వరస, బావ వరస అయినవాళ్లు ఉంటారు. రాజేష్ టచ్‌రివర్ తీసిన ‘నా బంగారు తల్లి’ సినిమా ఈ చేదునిజాన్ని కన్నతండ్రి దాకా తీసుకెళ్లి చూపింది. దానికి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారం వచ్చింది. చూడనివాళ్లు చూడాలి. మగపిల్లలూ ఈ బాధితుల్లో ఉంటారు. వాళ్ల గురించి మనకు అనుమానమైనా రాదు కాబట్టి వాళ్లు ఇంకా ఒంటరి.

‘ఇష్టపడే వచ్చింది’ అనే వాదనకు చట్టంలో చోటు లేదు. ఐక్యరాజ్యసమితి 2000లో చేసిన, మన దేశం 2011లో ఆమోదించిన అక్రమ రవాణా నిరోధక ఒప్పందం 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో మోసం, బలవంతం జరిగాయని రుజువు చేయనక్కర్లేదని చెబుతోంది. లైంగికంగా వాడుకోవడానికి తీసుకురావడమే అక్రమ రవాణా. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం కూడా బాధితుల సమ్మతి లెక్కలోకి రాదు. డబ్బిచ్చి వచ్చిన మగవాడు తాను బేరం చేశాననుకుంటాడు. పిల్లతో లైంగిక సంబంధం పోక్సో చట్టం కింద అత్యాచారంతో సమానమైన నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 10 ఏళ్లు, పిల్ల వయసు 16 లోపైతే 20 ఏళ్లు. దాడుల వార్తల్లో ‘విటులు’ అని ఒక్క ముక్కలో తేలిపోయే మనుషులు వీళ్లే.

మరి గుర్తుపట్టేదెవరు? బడిలో టీచరమ్మ చూడగలదు. వారాల తరబడి రాని పిల్ల ఒకనాడు కొత్త ఫోనుతో, ఖరీదైన బట్టలతో వచ్చి, ఎవరిచ్చారంటే ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతుంది. క్లాసులో నిద్రపోతుంది. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది, ఒంటిమీద కాల్చిన మచ్చలుంటాయి, వెంట వచ్చిన ‘అక్క’ ప్రతి ప్రశ్నకూ తనే జవాబు చెబుతుంది, పిల్లను క్షణం కూడా ఒంటరిగా వదలదు. మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రలు తరచూ కొనే మనిషి ఎవరో ఆ కొట్టువాడికి తెలుసు. లాడ్జిలో ఆధార్ కార్డు చూసే గుమాస్తాకు కార్డులోని వయసూ ఎదురుగా ఉన్న మొహమూ పొసగడం లేదని తెలుస్తుంది. రాత్రిపూట అదే పిల్లను వేర్వేరు చోట్ల దించి వచ్చే ఆటో డ్రైవరుకు అందరికన్నా ముందు తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. అనుమానం వస్తే చాలు, రుజువు వెతకడం వేరేవాళ్ల పని.

పోక్సో చట్టం 19వ సెక్షన్ చెప్పేదీ అదే. పిల్లలమీద నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా పోలీసులకు చెప్పాలి. తెలిసీ చెప్పకపోవడం శిక్షించదగిన నేరం. మంచి మనసుతో చెప్పిన సమాచారం తప్పని తేలినా చెప్పినవాళ్లమీద కేసు ఉండదని కూడా అందులోనే రాసి ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయవచ్చు. ఆవేశపడి తలుపు తట్టి నిలదీయడం మాత్రం వద్దు. తెల్లారేసరికి ఆ ఇల్లు ఖాళీ అవుతుంది, పిల్ల మరో ఊరికి చేరుతుంది.

ఆ పిల్ల మన దగ్గరికే వచ్చి మాట్లాడితే? ఇక్కడే చాలామంది మంచివాళ్లు తడబడతారు. ‘ఎందుకెళ్లావు?’ ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అనే ప్రశ్నలు అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తాయి. ఆమెకు అవి తీర్పులా వినబడతాయి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు, ఎందుకంటే చెప్పక తప్పదు. ఎవరికి చెబుతాం, తర్వాత ఏం జరుగుతుంది అనేది ఆమెకు అర్థమయ్యేలా ముందే చెప్పాలి. వివరాలన్నీ మనమే రాబట్టనక్కర్లేదు. ఒకే కథను పదిమందికి పదిసార్లు చెప్పించడం ఆమెను మళ్లీ ఆ గదిలోకి నెట్టడమే. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఈ ఆలోచనతో పుట్టినదే. వాంగ్మూలం, వైద్యపరీక్ష, కౌన్సెలింగ్ ఒక్కచోటే జరగాలని, పిల్లను గడప గడపకూ తిప్పకూడదని.

మొదటి రోజుల్లో ఆమెకు కావలసినవి మామూలు సంగతులే. వేడినీళ్ల స్నానం, తనకు నచ్చిన కూర, శానిటరీ ప్యాడ్లు, తలుపు లోపలి నుంచి వేసుకోగలిగే గది, బాగా నిద్ర, ఒంట్లో నొప్పులకు వైద్యం. ఇన్నాళ్లూ తెల్లవారుజామున పడుకున్న పిల్లను ఐదింటికి లేపి ప్రార్థనకు కూర్చోబెట్టే హోములున్నాయి. క్రమశిక్షణ తర్వాత నేర్పవచ్చు. రోజూ కనబడే ఒక మనిషి ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. మాటిచ్చిన వేళకు వచ్చే మనిషి, తిట్టినా మర్నాడు మళ్లీ వచ్చే మనిషి. ఆ పిల్ల పారిపోయి తిరిగొచ్చినా ‘చెప్పానా?’ అనని మనిషి. కొందరు ఒకటికి రెండుసార్లు వెళ్లిపోతారు. అది మన సాయం ఓడిపోవడం కాదు, ఆమెమీద మోసగాళ్ల పట్టు ఎంత బలమైనదో చూపే సంగతి. నమ్మకం ఆమెకు చాలా ఖరీదు పడింది కాబట్టి, దాన్ని మనకు ఇవ్వడంలో ఆలస్యం చేయడం ఆమె హక్కు.

ఇంటికి పంపేస్తే అంతా బాగైపోతుందనే తొందర కూడా మనకుంది. వ్యభిచార నిరోధక చట్టంలో 1986లో చేర్చిన 17-ఏ సెక్షన్, రక్షించిన వ్యక్తిని తల్లిదండ్రులకు అప్పగించే ముందు వాళ్లు చూసుకోగలరో లేదో విచారణ జరిపించే వీలును మేజిస్ట్రేటుకు ఇస్తోంది. బాలల విషయంలో బాలల సంక్షేమ సమితి కూడా ఆ జాగ్రత్తే తీసుకోవాలి. అమ్మినవాళ్లు ఇంట్లోనే ఉంటే ఇల్లే ప్రమాదం. అమ్మనివాళ్లే అయినా, ‘పరువు’ పేరుతో వంటింటి మూల కూర్చోబెట్టి, ఆరు నెలల్లో ఎవరికో ఒకరికి కట్టబెట్టాలని చూస్తే ఆ పిల్లకు ఒక చెర పోయి ఇంకో చెర వచ్చినట్టు. ఆ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ కావాలి. వాళ్లూ ఊరి మాటలకు నలిగిపోతున్నవాళ్లే.

కోర్టు మెట్లెక్కడం ఇంకో గండం. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదని, సాక్ష్యం చెప్పేటప్పుడు పిల్లకు నిందితుడు కనబడకూడదని, సాక్ష్యానికి పదేపదే పిలవకూడదని పోక్సో చట్టంలోనే ఉంది. వేరే రాష్ట్రానికి తరలించిన పిల్లలు అంతదూరం మళ్లీ ప్రయాణం చేయకుండా, తమ ఊరి దగ్గరి నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పే పద్ధతికి సుప్రీంకోర్టు 2022లో ఆమోదం తెలిపింది. కదిరి పిల్లకు పుణె కోర్టు సమన్లు వచ్చినప్పుడు ఈ వెసులుబాటు ఉందని చెప్పే లాయరు పక్కన ఉండాలి. పత్రికలవాళ్లుగా మా బాధ్యత కూడా ఉంది: చున్నీ కప్పుకున్న మొహమైనా, ఊరి పేరైనా, తండ్రి చేసే పనైనా ఆ పిల్లను ఊరికి పట్టిస్తాయి. పోక్సో 23వ సెక్షన్ వాటన్నిటినీ వద్దంటోంది.

1996లో హైదరాబాద్‌లో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు, అక్కడి పిల్లల కోసం ఒక చిన్న బడిగా మొదలైంది ప్రజ్వల. సునీతా కృష్ణన్ స్థాపించిన ఆ సంస్థ బయటపడిన అమ్మాయిలకు వెల్డింగ్, వడ్రంగం, బైండింగ్ నేర్పింది. కుట్టుమిషన్ తప్పని అనడం లేదు. వచ్చిన ప్రతి పిల్లకూ అదొక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఆమె ఏం కావాలనుకుంటోందో ఎవరూ అడగనట్టే. ఈ నరకం దాటివచ్చిన స్త్రీలే ఆంధ్రప్రదేశ్‌లో ‘విముక్తి’ వేదికగా కూడి చట్టాల గురించి, పరిహారాల గురించి అధికారులతో మాట్లాడుతున్నారు. కొత్తగా వచ్చిన పిల్ల దగ్గర మనం గంట కూర్చున్నా రాని మాట, అలాంటి ఒక అక్క పక్కన కూర్చుంటే వస్తుంది.

ఇక 18 నిండే రోజు. చట్టం దృష్టిలో ఆనాటితో ఆమె పిల్ల కాదు. బాలల న్యాయ చట్టం 21 ఏళ్ల దాకా తదుపరి సంరక్షణ ఇవ్వవచ్చంటోంది. అప్పటికి ఆమె దగ్గర ఆగిపోయిన చదువు ఉంటుంది, ఓపెన్ స్కూల్లో కట్టిన పదో తరగతి ఫీజు రశీదు ఉంటుంది, వయసు తప్పుగా రాసిన ఆధార్ కార్డు ఉంటుంది. అద్దెగది కోసం వెళితే ‘మీవాళ్లెవరమ్మా?’ అంటారు. పాత నంబరు నుంచి ఫోను వస్తూనే ఉంటుంది. ఈ మూడేళ్లే ఆమెను నిలబెట్టేవి, లేదా వెనక్కి పంపేవి. ఆపరేషన్ స్మైల్ పేరుతో ప్రతి జనవరిలో, ముస్కాన్ పేరుతో ప్రతి జులైలో ఎంతమంది పిల్లలను రక్షించారో పోలీసులు ప్రకటిస్తున్నారు, మేం అచ్చువేస్తున్నాం. అలా రక్షించినవాళ్లలో 18 దాటిన ఎంతమందికి గది దొరికింది, ఎంతమందికి పని దొరికింది, ఎంతమంది చదువు సాగింది అనే లెక్కను మహిళా శిశు సంక్షేమ శాఖలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా చెప్పాలి, పేర్లు లేకుండా, జిల్లాలవారీగా. మొదటి ప్రకటన వచ్చే జనవరిలోనే రావచ్చు.