పెండ్లి యప్పు

మితవ్యయ మనగానే మన గృహస్థులకు మొదట స్ఫురించునది వంటయిల్లు. చింతపండును, మిరపకాయలను పంటకాలమున కొని నిలువచేసికొనుట మంచి యలవాటే. 60 వాట్ల బల్బునకు మాఱుగా 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బును దినమునకు 5 గంటలు వెలిగించినచో నెలకు 7 యూనిట్లకు పైగా విద్యుత్తు మిగులును.

కాని యిట్లు కాసుకాసు కూడబెట్టిన చేతులే పెండ్లి రాగానే ప్రామిసరీ నోటుపై వ్రాలు చేయుచున్నవి. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు నెలనెలకు 2,000 రూపాయలు చెల్లింపవలెను. 50 నెలలలో వడ్డీయే లక్ష యగును. అసలు అట్లే నిలిచియుండును. ఏడాది పొడవున దీపము లార్పి మిగిల్చినది పందిరి దీపములకు ఒక్క రాత్రికైన చాలునా?

శ్రీనివాసుడును కుబేరునొద్ద ఋణము చేసియే పద్మావతిని పరిణయమాడెను గదా యని మన సీమలో సమాధానము చెప్పుదురు. ఆ కథ యంతటితో ముగియలేదు. ఆ ఋణమునకు వడ్డీ యిప్పటికిని తీరలేదనియే భక్తుల నమ్మకము. హుండీ గల దేవునికే తీరని వడ్డీ రెండెకరముల మామిడితోట గలవానికి తీరునా?

ఆ స్వామి కొండమీదనే, కల్యాణవేదికయందు, తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2016 నుండి ఉచితముగా వివాహములు జరిపించుచున్నారు. పురోహితుడు, మంగళవాద్యములు వారివే. కలవారు ముందుగా తమ బిడ్డల పెండ్లిండ్లు అచ్చట చేసినచో, లేనివారు చిన్నతనమని తలపక అనుసరింతురు. చదువరులారా! ఊరికి పెద్దలు మీరు. పొదుపు మీ యింటి పందిరినుండియే ఆరంభము కావలెను.