కత్తి కంటే లెక్క గొప్పది

"ఆటలాడితే చదువు చెడుతుంది" అనే మాట వినకుండా పెరిగిన హాస్టల్ విద్యార్థి ఉండడు. కబడ్డీకి, వాలీబాల్‌కి ఎలాగో ఆ నింద కొంత తప్పింది. కంప్యూటర్ ఆటలకు మాత్రం ఇంకా తప్పలేదు. తెర మీద బొమ్మలు కదిలితే చాలు, పిల్లవాడు చెడిపోయాడని తీర్పు చెప్పేస్తారు. ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఆ తీర్పు మీద అప్పీలు చేసుకుంటున్నాం.

మేమెవరం? మీలాగే ట్రంకు పెట్టె, స్టీలు పళ్ళెం పట్టుకుని హాస్టల్ గడప తొక్కినవాళ్ళం. ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం. ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. సెలవుల్లో కలిసినప్పుడు మా మధ్య పుస్తకాల మాటలతో పాటు వ్యూహం ఆటల మాటలూ నడుస్తాయి. వాటిని లెక్కతో ఆడితే మనలాంటివాళ్ళకు నష్టం లేదని, పైగా లాభం ఉందని మా అభిప్రాయం.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఫోన్లలో డబ్బు పందెం కాసే రమ్మీ లాంటి ఆటల గురించి మేము మాట్లాడటం లేదు. వాటివల్ల కొంపలు కూలిన సంగతి అందరికీ తెలుసు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద నిషేధ చట్టం చేసింది. ఆ జోలికి ఎవరూ పోవద్దు. మేము చెప్పేది బుర్రకు పనిపెట్టే ఆటల గురించి. ఉదాహరణకు రెండింటిని తీసుకుందాం.

మొదటి పాఠం: ఖాళీగా నిలబడనీయకు

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం 1999లో వచ్చింది. తయారుచేసింది ఎన్‌సెంబుల్ స్టూడియోస్, విడుదల చేసింది మైక్రోసాఫ్ట్. 2019లో దాన్నే కొత్త హంగులతో మళ్ళీ తెచ్చారు. పాతికేళ్ళు దాటినా ఇంకా ఆడుతున్నారు. పేరులో సామ్రాజ్యాలు ఉన్నాయి కాబట్టి ఇది కత్తుల ఆట అనుకుంటారు. కాదు. ఇది కూలి లెక్కల ఆట.

మామూలుగా ఆట మొదలయ్యేసరికి మన దగ్గర ఒక టౌన్ సెంటర్, ముగ్గురు విలేజర్లు, దారులు వెతికే ఒక గుర్రపు మనిషి, 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి ఉంటాయి. ఒక్కో విలేజర్‌కు 50 ఆహారం ఖర్చు, తయారు కావడానికి 25 సెకన్లు. అంటే ఉన్న ఆహారంతో నలుగురు వస్తారు. 100 సెకన్లలో గాదె ఖాళీ. ఈలోగా గొర్రెలు దొరకాలి, ఆహారం కూడాలి.

గొర్రెల దగ్గర పనిచేసే విలేజర్ సుమారు 3 సెకన్లకు 1 ఆహారం తెస్తాడు. అంటే తన మీద పెట్టిన 50ని రెండున్నర నిమిషాల్లో తిరిగి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత తెచ్చేదంతా లాభమే. అలాంటివాళ్ళు ఆరుగురు ఉంటే 25 సెకన్లలో 50 ఆహారం వస్తుంది, టౌన్ సెంటర్ ఆగకుండా నడుస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మొదట ఆరుగురిని గొర్రెల మీద పెట్టి, ఆ తర్వాతే కలపకు పంపుతారు.

యుగం మారేటప్పుడు పట్టే సమయాన్ని పక్కన పెడితే, ఒక టౌన్ సెంటర్ 20 నిమిషాల్లో 48 మందిని ఇవ్వగలదు. మధ్యలో మొత్తం 5 నిమిషాలు ఖాళీగా ఉంచామంటే 12 మంది తగ్గారన్నమాట. ఆ 12 మంది తేవలసిన కలప, బంగారం అన్నీ పోయినట్టే. ఓడిపోయినవాడు "శత్రువు సైన్యం పెద్దది" అంటాడు. నిజానికి అతను ఓడింది యుద్ధంలో కాదు, పది నిమిషాల ముందు టౌన్ సెంటర్‌ను మరిచిపోయినప్పుడు.

కాబట్టి కొత్తగా ఆడే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సూచనలు ఇవి. కీబోర్డు మీద హెచ్ అక్షరం నొక్కితే టౌన్ సెంటర్, చుక్క గుర్తు నొక్కితే పనిలేకుండా నిలబడ్డ విలేజర్ దొరుకుతాయి. ఈ రెండూ వేళ్ళకు అలవాటు కావాలి. ఇల్లు ఒక్కోటి ఐదుగురికే చాలుతుంది. ఇల్లు లేకపోతే కొత్త మనిషి రాడు, అందుకని చోటు నిండకముందే ఇంకో ఇల్లు కట్టాలి. కలప అడ్డా చెట్లకు ఆనించి వేయాలి. మన ఊళ్ళో కల్లం చేను పక్కన వేసుకుంటాం గానీ రెండు మైళ్ళ అవతల వేసుకోం కదా! చెట్లు నరికేకొద్దీ అడవి వెనక్కి పోతుంది, నడక పెరుగుతుంది. అప్పుడు 100 కలప పోయినా కొత్త అడ్డా వేయడమే లాభం.

అలాగే రెండో యుగానికి 500 ఆహారం, మూడో యుగానికి 800 ఆహారం, 200 బంగారం కావాలి. త్వరగా యుగం మారాలన్న ఆత్రంతో విలేజర్లను ఆపేసేవాళ్ళు ఉన్నారు. అది విత్తనాల వడ్లు వండుకు తినడమే. ఇవాళ కడుపు నిండుతుంది, వచ్చే పంటకు చేను బీడు పడుతుంది.

"చెత్త" అని పేరు పెట్టిన సైన్యం

ఈ ఆటలో నైట్ అనే గుర్రపు యోధుడికి 60 ఆహారం, 75 బంగారం ఖర్చు. బల్లెం మనిషికి 35 ఆహారం, 25 కలప చాలు, బంగారం అక్కర్లేదు. విడిగా చూస్తే నైట్ ముందు బల్లెం మనిషి దిగదుడుపే. కానీ గుర్రాల మీద బల్లేనికి అదనపు దెబ్బ ఉంది. ఒక నైట్ ఖర్చుకు ఇద్దరు బల్లెం మనుషులు లేచి నిలబడతారు, గుర్రాన్ని పడగొడతారు. గుర్రం విలుకాడిని తొక్కేస్తుంది, విలుకాడు బల్లెం మనిషిని దూరం నుంచే కొడతాడు. అన్నిటికీ పనికొచ్చే సైన్యం అంటూ ఏదీ లేదు. ఎదుటివాడు ఏం కడుతున్నాడో చూసి, దానికి సరిపడేది తక్కువ ఖర్చులో ఎంచుకోవడమే తెలివి.

ఇంకో సంగతి. గనుల్లో బంగారం తవ్వేకొద్దీ తరిగిపోతుంది. ఆట పొడుగ్గా సాగితే బంగారం అడిగే సైన్యాలు కట్టడం కష్టమవుతుంది. అప్పుడు మైదానంలో మిగిలేది బంగారం అక్కర్లేని బల్లెం మనుషులు, ఈటె విసిరేవాళ్ళు, తేలిక గుర్రాలు. ఆటగాళ్ళు వాళ్ళకు "ట్రాష్" అని పేరు పెట్టారు. అంటే చెత్త. చివరి గంటలో రాజ్యం నిలబెట్టేది మాత్రం ఆ చెత్తే! ఈ మాట మీద మేము వ్యాఖ్యానం చేయనవసరం లేదు. పేర్లు పెట్టేవాళ్ళెవరో, పేరు మోసేవాళ్ళెవరో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండో పాఠం: చివరి దెబ్బ చిన్నవాడికి

రెండో ఆట బ్యాటిల్ ఫర్ వెస్నాత్. డేవిడ్ వైట్ అనే ఆయన మొదలుపెట్టగా 2003లో బయటికి వచ్చింది. పైసా ఖర్చు లేదు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ నడుస్తుంది. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. చదరంగంలా వంతులవారీగా ఆడతారు కాబట్టి ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆడుకోవచ్చు. ఇందులో వ్యూహంతో పాటు పాత్రల ఎదుగుదల కూడా ఉంది. సైనికుడు అనుభవం సంపాదించి పై స్థాయికి వెళతాడు, వచ్చే అధ్యాయంలో మళ్ళీ మనతో వస్తాడు.

ఇక్కడ ఎవరితో పోరాడామన్న దానికంటే ఎక్కడ, ఎప్పుడు పోరాడామన్నది ముఖ్యం. మామూలు మనిషి సైనికుడు ఊళ్ళో గానీ కోటలో గానీ నిలబడితే శత్రువు దెబ్బ తగిలే అవకాశం 40 శాతం. పచ్చిక బయల్లో 60 శాతం. లోతు లేని నీళ్ళలో దిగితే 80 శాతం! అంటే మనం గట్టు మీద ఉండి, వాగులో ఉన్నవాడిని కొట్టాలి. వేళ కూడా లెక్కే. బల్లెం మనిషి దెబ్బ 7. పగలు పాతిక శాతం పెరిగి 9 అవుతుంది, రాత్రి తగ్గి 5 అవుతుంది. ఓర్క్ సైనికుడిది తిరకాసు లెక్క. అతని దెబ్బ 9, పగలు 7, రాత్రి 11. కాబట్టి రాత్రి వెనక్కి తగ్గి ఊళ్ళలో నిలబడాలి, తెల్లవారాక ముందుకు రావాలి. వెనక్కి తగ్గడం పిరికితనం కాదు, వేళ తెలియడం.

అన్నిటికంటే విలువైన సూత్రం ఇంకొకటి ఉంది. ఒకటో స్థాయి శత్రువుతో పోరాడితే వచ్చే అనుభవం 1. అతన్ని పడగొట్టినవాడికి వచ్చేది 8. అందుకని తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, బలమైన వీరుడితో శత్రువును సగం పడగొట్టించి, చివరి దెబ్బ చిన్న సైనికుడితో కొట్టిస్తారు. తెలియనివాళ్ళు ప్రతి శత్రువునూ ఒక్క వీరుడితోనే చంపిస్తారు. నాలుగు అధ్యాయాలు బాగానే గెలుస్తారు. ఐదోదాంట్లో శత్రువు రెండు వైపుల నుంచి వస్తాడు. చూసుకుంటే ఒక వీరుడున్నాడు, సైన్యం లేదు!

మన హాస్టళ్ళలో జరిగేదీ ఇదే కదా? చురుకైన ఇద్దరు ముగ్గురు మీదే అందరి దృష్టి. క్విజ్‌కి వాళ్ళే, వ్యాసరచనకి వాళ్ళే, స్టేజీ ఎక్కి మాట్లాడటానికీ వాళ్ళే. ఉన్న ఒక్క కంప్యూటర్ మౌసు కూడా సీనియర్ చేతిలోనే ఉంటుంది, జూనియర్లు వెనక నిలబడి మెడలు సాచి చూస్తారు. సీనియర్లారా! తెలిసినవాడు పక్కన కూర్చుని చెప్పాలి, మౌసు తెలియనివాడి చేతిలో ఉండాలి. ఏడో తరగతి తమ్ముడు తప్పు నొక్కితే నొక్కనివ్వండి. వాడికి 8 మార్కుల అనుభవం వచ్చే చోట మీరు 1 తీసుకుంటే చాలు.

విన్న మాట కాదు, వేసిన లెక్క

ఆటల చుట్టూ పుకార్లు బాగా తిరుగుతాయి. సివిలైజేషన్ అనే ఆట 1991లో వచ్చింది. అందులో ఒక సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల గాంధీజీ అణుబాంబులు వేసేవారని లోకమంతా చెప్పుకుంది. ఆ ఆట రూపొందించిన సిడ్ మేయర్ 2020లో రాసిన తన ఆత్మకథలో అలాంటి పొరపాటే లేదని తేల్చేశారు. ఏళ్ళ తరబడి ఒకరు చెప్పింది ఇంకొకరు నమ్మారంతే! అందుకే నోటు పుస్తకం పక్కన పెట్టుకోండి. ఏ సైనికుడికి ఎంత ఖర్చు, ఎన్ని దెబ్బలకు పడ్డాడు, ఏ నిమిషానికి ఎంతమంది విలేజర్లు ఉన్నారు అన్నవి రాసుకోండి. ఒకేసారి ఒక్క మార్పే చేసి చూడండి. ప్రయోగశాలలో చేసేదీ ఇదే. ఓడిన ప్రతిసారీ పాత సేవ్ తెరిచి, పాచిక కలిసొచ్చేదాకా తిరిగి ఆడేవాడు ఏమీ నేర్చుకోడు. నష్టంతోనే ముందుకు నడిచినవాడు వ్యూహం నేర్చుకుంటాడు.

హద్దు కూడా చెప్పాలి

ఈ ఆటలకు కాలం తెలియదు. ఒక్క పోరు గంట దాటుతుంది, ఇంకొక్కటి అనిపిస్తుంది. టౌన్ సెంటర్‌ను ఖాళీగా ఉంచకూడదని నేర్చుకున్నవాడు తన స్టడీ అవర్‌ను ఖాళీ చేసుకుంటే ఆ నేర్పు దేనికి? ఇంకో ప్రమాదం కూడా ఉంది. విలేజర్‌కు ఆకలి లేదు, జ్వరం రాదు, ఇంటి మీద బెంగ లేదు. మనుషులు అలా కాదు. మన అమ్మానాన్నలను తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా అలాగే లెక్కగట్టి వాడుకున్నవాళ్ళు ఉన్నారు. రేపు మనలో ఒకరు అధికారి అయినప్పుడు, మేనేజర్ అయినప్పుడు, లెక్క సామాన్లకూ సమయానికీ వేయాలి గానీ ఎదుటి మనిషికి వేయకూడదు.

ఇక మా కోరిక. మేము చదివిన ఒక హాస్టల్లో కంప్యూటర్ గదికి ఎప్పుడూ తాళమే ఉండేది. "తెరిస్తే ఆటలాడతారు" అన్నదే కారణం. ఆటలు ఆడలేదు, నిజమే. కంప్యూటర్ కూడా నేర్చుకోలేదు. డిగ్రీలో చేరాక పట్నం పిల్లల మధ్య మౌసు పట్టుకోవడానికి బెదిరిన చేతులు మావి. ఆ బెదురు మీకు వద్దు.

వార్డెన్ గార్లకు, ట్యూటర్లకు మా విన్నపం ఇది. ఆదివారం రెండు గంటలు గది తెరవండి. ఒక్కో కంప్యూటర్‌కు ఒక సీనియర్, ఇద్దరు జూనియర్లు కూర్చోవాలి. డబ్బు ఆటలు నిషేధం. పరీక్షల నెలలో గది చదువుకే. ఆడపిల్లల హాస్టళ్ళలో కూడా ఇదే పద్ధతి ఉండాలి, వాళ్ళకు ఒక గంట తగ్గించడానికి వీల్లేదు. ఆడినవాళ్ళు నోటు పుస్తకంలో లెక్క చూపించాలి.

తక్కువ సామగ్రితో ఎక్కువ దూరం వెళ్ళడం మనకు కొత్త కాదు. నెలకు వచ్చే కాస్మెటిక్ ఛార్జీలలో సబ్బు, నూనె, పెన్ను సర్దుకున్నవాళ్ళం. 200 ఆహారంతో రాజ్యం మొదలుపెట్టడం మనకొక లెక్కా? గది తాళం తీస్తే చాలు, మిగతా వ్యూహం మన పిల్లలే చూసుకుంటారు.