మళ్లీ మోగుతున్న బొమ్మ ఫోను

మీట నొక్కితే ఎర్రదీపం మిణుకుమంటుంది. కీచుగొంతుతో ఓ పాట ముక్క వినిపిస్తుంది. అది ముగియకముందే మరో మీట, మరో పాట. ఒకప్పుడు తిరునాళ్లలో, జాతరల్లో, బస్టాండ్ల ఎదుట తోపుడుబండ్లపై అమ్మిన ప్లాస్టిక్ ఫోన్ల మోత ఇప్పుడు అంతర్జాలంలో మార్మోగుతోంది. కొద్ది సెకన్ల వీడియోలకు ఆ ధ్వనిని జోడించి, చిన్ననాటి జ్ఞాపకమంటూ యువత ముచ్చటగా పంచుకుంటోంది.

ఈ ఆదరణకు కారణం వయసే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో సెల్‌ఫోన్ పెద్దల జేబుల్లోకి చేరింది. పిల్లలకు దాన్ని ముట్టుకునే వీలుండేది కాదు. వారికి దక్కింది బొమ్మ ఫోనే. నాటి పిల్లలే నేడు స్మార్ట్‌ఫోన్ పట్టుకొని వీడియోలు తీస్తున్నారు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించగా, మరుసటి నెలలోనే దేశంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలైంది. ఒకరు వాడిన ధ్వనిని మరొకరు క్షణంలో తగిలించుకునే సౌలభ్యం అలా కొనసాగింది.

నాటి బొమ్మల్లో నల్లని జిగురు బొట్టు కింద చౌక చిప్ ఉండేది. బ్యాటరీ నీరసిస్తే పాట కూడా సాగిపోయి, బొంగురుపోయేది. ఆ వికారమే నేడు అందరికీ ముద్దొస్తోంది! అసలు ఫోన్ల మోతకైతే కర్త తెలుసు. నోకియా ట్యూన్‌కు మూలం స్పెయిన్ స్వరకర్త ఫ్రాన్సిస్కో టారెగా గిటారుకు కూర్చిన 'గ్రాన్ వాల్స్'. అది 1902 నాటిది. బండిమీది బొమ్మకు స్వరకర్త మాట అటుంచి, తయారీదారు పేరు కూడా తరచూ ఉండేది కాదు.

చిక్కంతా అక్కడే ఉంది. ముచ్చటపడి అటకపై నుంచి దించిన పాత బొమ్మలు తిరిగి పసివారి చేతుల్లోకి వెళుతున్నాయి. వీటిలో చాలావాటికి బటన్ సెల్లే ఆధారం. వెనుక మూత వదులైతే అది సులువుగా ఊడిపడుతుంది. పిల్లలు మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కణజాలం తీవ్రంగా కాలిపోవచ్చు. అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం మాని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బొమ్మలకు ఐఎస్ఐ గుర్తును కేంద్రం 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. చేతివృత్తి కళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న కొండపల్లి, ఏటికొప్పాక వంటివాటికి మినహాయింపునిచ్చింది. ప్రమాణాల ప్రకారం బటన్ సెల్ ఉన్న అర పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు. చెవికి ఆనించుకునే బొమ్మల శబ్దానికీ పరిమితి ఉంది. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచడంతో చౌక విదేశీ బొమ్మల జోరు తగ్గింది.

అయితే ఈ నిబంధనలన్నీ తయారీకి, అమ్మకానికే. ఇరవై ఏళ్ల కిందట కొని ఇంట్లో దాచుకున్న బొమ్మను తనిఖీ చేసేవారెవరూ ఉండరు. మూత మర బిగువుగా లేకుంటే సెల్ తీసి పారేశాకే పిల్లలకు ఇవ్వాలి. అప్పుడు అది మోగదు. మోత ఎలాగూ పెద్దల ఫోన్లలో ఉండనే ఉంది.